వాళ్ళకి అలా అనిపించింది

ఇది రాసే ముందు మా రూమ్‌మేట్‌ని అడిగాను. "రాసుకో. నా పేరు మాత్రం వద్దు. మా నానా చదివితే తిట్లు నీకు కాదు, నాకు పడతాయి" అన్నాడు. నానా అంటే వాళ్ళమ్మ వాళ్ళ నాన్న. అందుకే ఇందులో వాడు వాడుగానే ఉంటాడు. ఇంకో సంగతి, నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. తెలుగు రాయడం ఈ క్లబ్‌లో చేరాకే మళ్ళీ మొదలైంది. ఒత్తులు తప్పుంటే ఎడిటర్ అక్క దిద్దుతుంది. దిద్దనివన్నీ నావే.

పోయిన ఏడాది గుడ్ ఫ్రైడే రోజు. కాలేజీకి దగ్గర్లో ఉన్న చర్చికి వెళ్ళాను. పన్నెండు నుంచి మూడు దాకా ఏడు మాటల ఆరాధన. ఏడుగురు ప్రసంగీకులు, ఒక్కొక్కరికీ ఇరవై నిమిషాలని చెప్తారు, నాలుగో మాటకే మూడు దాటుతుంది. ఉపవాసం, పైన రేకుల షెడ్డు, ఏప్రిల్ ఎండ. హాస్టల్‌కి వచ్చేసరికి తల పగిలిపోతోంది. వాడు మంచం మీద కూర్చుని డీబీఎంఎస్ అసైన్‌మెంట్ రాస్తున్నాడు.

"మీకు ఈ రోజు పండగ కదా, అలా ఉన్నావేంటి?" అన్నాడు.

"పండగ కాదురా. యేసయ్య చనిపోయిన రోజు."

"అవునా? మా దాంట్లో ఈసా అలైహిస్సలాం చనిపోలేదు. అల్లా పైకి తీసుకున్నాడు."

వెటకారం లేదు, వాదన లేదు. రేపు ల్యాబ్ లేదంట అన్నంత మామూలుగా అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. "అయితే సిలువ మీద ఉన్నదెవరు? ఇంకెవడికో ఆయన మొహం తగిలించి చంపించాడా మీ దేవుడు? అది మోసం కాదా?" అన్నాను. యూట్యూబ్‌లో ఎక్కడో విన్న మాట. వాడు ఏమీ అనలేదు. పెన్ను క్యాప్ పెట్టి, నమాజుకి వెళ్ళిపోయాడు. తర్వాత నాలుగు రోజులు మా మధ్య మాటలు "ఛార్జర్ ఇవ్వు", "లైట్ ఆపెయ్" వరకే.

అంత కోపం ఎందుకొచ్చిందో వాడికి అప్పుడు చెప్పలేదు. ఆ జనవరిలోనే మా అమ్మమ్మ పోయింది. చివరి రెండు వారాలు బాగా నొప్పి. నర్సు ఇంజెక్షన్ చేసేటప్పుడు మేం మొహం తిప్పుకునేవాళ్ళం. అమ్మమ్మ మాత్రం "ఆయన పడ్డదాని ముందు ఇదెంతమ్మా" అనేది. నర్సుకి చెప్పినట్టుండేది, తనకి తను చెప్పుకున్నట్టూ ఉండేది. ఆయన అసలు ఆ నొప్పి పడలేదంటే మరి మా అమ్మమ్మ తన నొప్పిని దేనితో కొలుచుకున్నట్టు? వాడి మాట వినగానే నాకు గుర్తొచ్చింది బైబిల్ కాదు, ఆ ఆసుపత్రి మంచం.

సరే, వాదన గెలవాలనే చదవడం మొదలుపెట్టాను. ఒప్పుకుంటున్నాను.

విషయం అంతా ఖురాన్‌లో నాలుగో సూరా అన్-నిసాలో, 157వ ఆయత్‌లో ఉంది. ముందూ వెనకా చూడకుండా ఆ ఒక్కటే చదివితే చరిత్ర పాఠంలాగా ఉంటుంది. కానీ అది ఒక గొప్పకి జవాబు. మర్యమ్ కొడుకు ఈసాని, దేవుని ప్రవక్తని మేమే చంపాం అని కొందరు గొప్పలు పోతుంటే, మీరు చంపలేదు, సిలువ వేయలేదు అంటుంది ఆయత్. నిజానికి సిలువ రోమన్ల శిక్ష, వేసింది రోమన్ సైనికులు. ఇక్కడ సంగతి ఎవరు మేకులు కొట్టారన్నది కాదు, ఎవరు గెలిచామని చెప్పుకుంటున్నారన్నది. ఆ వెంటనే రెండే రెండు పదాలు వస్తాయి: షుబ్బిహ లహుమ్. దాని తర్వాత, ఈ విషయంలో భేదపడేవాళ్ళు అనుమానంలోనే ఉన్నారనీ, వాళ్ళకున్నది ఊహే తప్ప జ్ఞానం కాదనీ ఉంటుంది. 158లో దేవుడు ఆయన్ని తన దగ్గరకి ఎత్తుకున్నాడు. పద్నాలుగు వందల ఏళ్ళ గొడవంతా ఆ రెండు పదాల దగ్గరే ఆగి ఉంది.

నేను చూసిన ఇంగ్లీష్ అనువాదాలు ఒకదానితో ఒకటి కలవలేదు. ఒకరు "అలా కనిపించేలా చేయబడింది" అన్నారు, ఒకరు "వాళ్ళకలా తోచింది" అన్నారు, ఇంకొకరు ఆయన పోలికలు ఇంకొకరికి వచ్చాయని వివరం కూడా కలిపేశారు. ఐదో రోజు రాత్రి ఇక తప్పక వాణ్ణి అడిగాను. "ఈ రెండు పదాలూ ఒకసారి చదువు."

వాడు అనుమానంగా చూసి చదివాడు. మొత్తం ఆయత్ రాగంతో చదివాడు. చిన్నప్పుడు మదరసాలో నేర్చుకున్నాడు కానీ అరబిక్ అర్థం వాడికీ రాదు. మాకు హిమ్స్ నోటికొచ్చినట్టే అది కూడా. అయితే "షుబ్బిహ" అనగానే వాడే ఆగి, "షక్-షుబా అంటాం చూడు ఇంట్లో, అదే కదా ఇది?" అన్నాడు. షుబా అంటే అనుమానం. అదే ధాతువు! ష-బ-హ అనే మూడు అక్షరాల నుంచే పోలికా పుడుతుంది, అనుమానమూ పుడుతుంది. రెండు వస్తువులు మరీ ఒకేలా ఉంటే ఏది ఏదో తెలియదు కదా, అందుకు. మూడో సూరాలో ఖురాన్ తన ఆయత్‌ల గురించి తనే చెప్తూ, కొన్ని స్పష్టమైనవి, కొన్ని ముతషాబిహాత్ అంటుంది. అంటే పలు అర్థాలకి చోటున్నవి. ఆ మాట కూడా ఇదే ధాతువు. ఇది తెలిసిన రాత్రి మేమిద్దరం ఒకటిన్నర దాకా మేలుకున్నాం. మరుసటి రోజు ఇంటర్నల్ ఉంది. ఎలా రాశామో అడగొద్దు.

వ్యాకరణం ప్రకారం షుబ్బిహ కర్మణి క్రియ. "చేయబడింది" రకం. ఎవరు చేశారో చెప్పదు. అక్కడితో ఆగలేదు, దేన్ని చేశారో కూడా చెప్పదు. కోడింగ్ భాషలో చెప్పాలంటే ఫంక్షన్ కాల్ అయింది, ఆర్గ్యుమెంట్ ఎక్కడా డిక్లేర్ కాలేదు. ఇదే మాట 12వ శతాబ్దంలో ఖ్వారజ్మ్ ప్రాంతపు జమఖ్షరీ తన వ్యాఖ్యానం అల్-కష్షాఫ్‌లో అడిగాడు. ఖురాన్ వ్యాఖ్యానాన్ని తఫ్సీర్ అంటారు. వ్యాకరణం కోసం అందరూ చూసే తఫ్సీర్ ఇది. షుబ్బిహకి కర్త ఎవరు? ఈసా అనలేం, ఎందుకంటే పోలిక ఆయనది, ఆయన్ని ఇంకొకరిలా మార్చలేదు. చనిపోయినవాడు అందామా అంటే వాడి ప్రస్తావనే లేదు. అప్పుడు ఆయన రెండు దారులు చూపిస్తాడు. ఒకటి, క్రియని "లహుమ్"కే ముడేసి చదవడం, అంటే "వాళ్ళకి అలా భ్రమ కలిగింది" అని. రెండు, "చంపాం" అన్నారంటే ఎవరో ఒకరు చచ్చినట్టే కాబట్టి ఆ చచ్చినవాణ్ణే కర్తగా తీసుకోవడం.

ఇక్కడ నాకు మన భాష మీద గౌరవం పెరిగింది. లహుమ్ అంటే "వాళ్ళకి". వాళ్ళకి అలా అనిపించింది. ఇంగ్లీష్‌లో తంటాలు పడ్డ వాక్యం తెలుగులో ఎంత తేలిగ్గా కూర్చుందో చూడండి. నాకు ఆకలేసింది, నాకు కలొచ్చింది, నాకు అనిపించింది. పైగా అనిపించడం అంటే? చేయు, చేయించు లాగా అను, అనిపించు. ఎవరో అనిపిస్తేనే అనిపించాలి. ఆ ఎవరో ఎవరన్నది తెలుగు కూడా చెప్పదు! దాదాపు వందేళ్ళ కిందటే ఖురాన్‌ని తెలుగులోకి తెచ్చిన చిలుకూరి నారాయణరావు గారు ముస్లిం కాదు. ఆంధ్ర భాషా చరిత్రము రాసిన భాషా పండితుడు. ఈ రెండు పదాల దగ్గర ఆయన ఎంతసేపు ఆగారో అని మాత్రం అనుకున్నాను.

అసలు కథలు తఫ్సీర్‌లలో ఉన్నాయి. టాడ్ లాసన్ అనే ప్రొఫెసర్ 2009లో ఈ ఒక్క ఆయత్ చరిత్ర మీదే పుస్తకం రాశాడు, నాకు దారి చూపించింది అదే. 923లో బాగ్దాద్‌లో చనిపోయిన తబరీ తన ముందువాళ్ళు చెప్పిన కథలన్నీ వరసగా పోగేసి, ఎవరి నుంచి ఎవరు విన్నారో కూడా రాశాడు. అందులో ఒకటి: ఈసా పదిహేడు మంది శిష్యులతో ఒక ఇంట్లో ఉండగా సైనికులు చుట్టుముట్టారు. లోపలికి వచ్చి చూస్తే అందరూ ఈసాలాగే ఉన్నారు. మాకేదో చేతబడి చేశారు, అసలువాడు బయటికి రాకపోతే అందర్నీ చంపుతాం అన్నారు. ఈ రోజు స్వర్గం కొనుక్కునేది ఎవరని ఈసా అడిగితే ఒకడు లేచి, నేనే ఈసా అని బయటికి వెళ్ళాడు.

తబరీ ఈ కథవైపే మొగ్గడానికి చెప్పిన కారణం నాకు నచ్చింది. ఒక్కడి మొహమే మారి, మిగతా శిష్యులు అది చూస్తూ ఉండి ఉంటే వాళ్ళకి నిజం తెలిసుండేది. తెలిసీ సిలువ గురించి చెప్పారంటే అబద్ధమాడినట్టే. అందరి మొహాలూ మారితే, గందరగోళంలో ఎవరు వెళ్ళారో వాళ్ళకీ తెలియదు, కళ్ళతో చూసిందే చెప్పారు. అంటే బాగ్దాద్‌లో కూర్చున్న ఒక ముస్లిం పండితుడు పేతురు, యోహానులు అబద్ధాలకోరులు కాకుండా ఉండే దారి వెతుకుతున్నాడు. నేనేమో వాడి దేవుణ్ణి మోసగాడన్నాను.

14వ శతాబ్దంలో డమాస్కస్‌లోని ఇబ్న్ కసీర్ తన తఫ్సీర్‌లో చెప్పే కథలో పన్నెండు మందే ఉంటారు. నా పోలికని ఎవరు తీసుకుని నా బదులు చనిపోతారు అని ఈసా అడుగుతాడు. అందరికంటే చిన్నవాళ్ళలో ఒక కుర్రాడు లేస్తాడు. కూర్చో అంటాడు ఈసా. మళ్ళీ అడుగుతాడు, మళ్ళీ వాడే లేస్తాడు. కూర్చో. మూడోసారి కూడా వాడే. సరే నువ్వే అంటాడు. ఇంటి కప్పులో ఉన్న సందులోంచి ఈసా పైకి వెళ్ళిపోతాడు, కుర్రాణ్ణి పట్టుకుపోతారు. నేను ఆదివారం బడిలో నేర్చుకున్న కథలో పేతురు మూడుసార్లు నాకు ఆయన తెలియదంటాడు. ఈ కథలో పేరు లేని కుర్రాడు మూడుసార్లు లేచి నిలబడతాడు. వాడి పేరు నాకెక్కడా కనపడలేదు. వాడికి నా వయసే ఉండొచ్చు.

ఇక నా గొప్ప ప్రశ్న సంగతి. అది మోసం కాదా అన్నాను కదా. దానికి జవాబు ఎవరి దగ్గరా ఉండదనుకున్నాను. ఫఖ్రుద్దీన్ రాజీ అని, 1210లో హెరాత్‌లో చనిపోయిన పెద్ద పండితుడు. మూడో సూరా 55వ ఆయత్ దగ్గర ఈ మొహం మారే కథ మీద తనే వరసగా అభ్యంతరాలు రాశాడు. ఒకరి పోలిక ఇంకొకరికి వేయడం కుదిరితే ఇక కళ్ళని నమ్మేదెలా? నా కొడుకుని ఇప్పుడు చూసి, కాసేపాగి మళ్ళీ చూస్తే, వీడు వాడేనని ఏ ధైర్యంతో అనుకోవాలి? జిబ్రీల్ దూత పక్కనే ఉండగా, ఒక్క రెక్కతో అందర్నీ ఆపగలిగి ఉండగా ఇదంతా ఎందుకు? ఎలాగూ పైకి తీసుకుంటున్నప్పుడు, మధ్యలో ఎవరో మిస్కీన్‌ని చావుకి అప్పగించడం దేనికి? చూసినవాళ్ళని అజ్ఞానంలో పడేయడం దేవుడి వివేకానికి తగునా? తూర్పూ పడమరా అంతటా ఉన్న క్రైస్తవులు, ఆయన మీద అంత ప్రేమ ఉన్నవాళ్ళు, చూశామని తరతరాలుగా చెప్తుంటే కొట్టిపారేస్తే, ఇక ఏ చరిత్రని నమ్ముతాం? ఆ చచ్చినవాడు నేను ఈసాని కాదు మొర్రో అని అరిచి ఉండడా?

నేను కనిపెట్టాననుకున్న బగ్‌ని 800 ఏళ్ళ కిందటే ఒకాయన ఆరు టెస్ట్ కేసులతో సహా రిపోర్ట్ చేసి పెట్టాడు! అదీ తన సొంత మతం లోపల కూర్చుని. ఆయన జవాబులు కూడా రాశాడు. బాహాటంగా కాపాడితే అందరూ నమ్మక తప్పని పరిస్థితి వస్తుంది, విశ్వాసానికి చోటుండదు. అక్కడ ఉన్నవాళ్ళు కొద్దిమందే. చనిపోయినవాడు విశ్వాసి కాబట్టి నోరు మెదిపి ఉండడు. చివరికి, ప్రవక్త మాట సత్యమని రుజువయ్యాక ఇలాంటి సందేహాలు దాన్ని కదపలేవు అంటాడు. జవాబులకంటే ప్రశ్నలే బలంగా ఉన్నాయని నాకనిపించింది. మా వాడు ఒప్పుకోలేదు.

అందరూ మొహం మారిన కథే చెప్పలేదు. 10వ శతాబ్దంలో బస్రాలోని ఇఖ్వాన్ అల్-సఫా అనే రహస్య పండిత బృందం, అదే కాలపు ఇస్మాయిలీ పండితుడు అబూ హాతిమ్ రాజీ, సిలువ నిజంగానే జరిగిందనే దిక్కుకి వెళ్ళారు. చంపగలిగింది దేహాన్ని మాత్రమే, ఆయన్ని కాదు అన్నట్టు. మా శ్రీనగర్‌లో ఖాన్యార్ అనే చోట రోజాబల్ సమాధి ఉంది. అది ఈసాదే, ఆయన సిలువ మీద చనిపోకుండా బతికి బయటపడి కశ్మీర్ వచ్చాడని అహ్మదియా ఉద్యమం మొదలుపెట్టిన మీర్జా గులామ్ అహ్మద్ రాశాడు. మిగతా ముస్లింలు దాన్ని ఒప్పుకోరు. ("మా" శ్రీనగర్ ఎప్పుడైందిరా అన్నాడు వాడు ఇది చదివి. మన దేశంలోదే కదా, ఉంచేస్తున్నా.) ముహమ్మద్ అసద్ అయితే 1980 నాటి తన ఇంగ్లీష్ అనువాదం నోట్స్‌లో, మొహం మారిన కథలకి ఖురాన్‌లో గానీ నమ్మదగ్గ హదీసులో గానీ ఆధారం లేదని తేల్చేశాడు.

లెబనాన్‌లో పుట్టిన మహమూద్ అయ్యూబ్ చెప్పిన అర్థం దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. ఆయత్ సిలువ జరిగిందా లేదా అన్న వార్త ఇవ్వడం లేదు, దేవుని వాక్కుని మేం చంపగలం అనుకునే మనుషుల గర్వాన్ని కాదంటోంది అన్నాడాయన. ఇలాంటి మాటతీరు ఖురాన్‌లో వేరే చోట కూడా ఉంది. బద్ర్ యుద్ధం గురించి ఎనిమిదో సూరా, వాళ్ళని చంపింది మీరు కాదు, అల్లా అంటుంది. చచ్చినవాళ్ళు నిజంగానే చచ్చారు, ఎవరి చేతుల్లో పని జరిగిందన్నదే తేడా. దేవుని దారిలో చనిపోయినవాళ్ళని చనిపోయారనుకోవద్దని కూడా మూడో సూరాలో ఉంది. ఇది చదివినప్పుడు అమ్మమ్మ మళ్ళీ గుర్తొచ్చింది. క్యాన్సర్ ఆమెని చంపిందని డెత్ సర్టిఫికెట్‌లో ఉంది. మా ఇంట్లో ఎవరూ ఆ మాట వాడరు. "ప్రభువు పిలుచుకున్నాడు" అంటాం. రెండూ అబద్ధం కాదు.

నా నమ్మకం మారిందా అంటే, లేదు. ఆయన సిలువ మీద చనిపోయాడనే నమ్ముతాను. చరిత్రకారులు కూడా దాదాపు అందరూ అదే అంటారు. క్రైస్తవుల మీద ఏ ప్రేమా లేని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ కూడా పొంతి పిలాతు కాలంలో ఆయనకి మరణశిక్ష పడిందని రాశాడు. మా వాడి నమ్మకం కూడా మారలేదు. మధ్యలో ఒకసారి అమ్మ ఫోన్లో "చదువు మానేసి ఆ పుస్తకాలెందుకురా నీకు? పాస్టర్ గారితో ప్రార్థన చేయించనా?" అంది. గొంతులో భయం తెలిసింది. పరీక్షలకి చేయించమన్నాను.

వాడికి సారీ చెప్పింది కూడా చాలా ఆలస్యంగానే. అమ్మమ్మ సంగతంతా చెప్పి, మోసం అన్న మాట అనకూడదురా అన్నాను. "పర్లేదులే, రాజీ సాబ్ కూడా అడిగాడుగా" అన్నాడు.

సెలవుల్లో వాళ్ళ నానా ఫోన్ చేసినప్పుడు స్పీకర్ పెట్టాడు. కర్నూలు. గొంతు పెద్దది. నేను సలాం తాతగారూ అంటే, "ఏం నాయనా, మావోడు తింటాండాడా సరిగ్గా?" అని మొదలుపెట్టారు. అడిగేశాను. ఆయన కాసేపాగి, "అల్లా తన మనిషిని వాళ్ళ చేతుల్లో ఇడ్సిపెట్టలేదు. ఎట్ల కాపాడినాడనేది ఆయనకే తెలుసు. మాకంత చాలు" అన్నారు. మరి ఇబ్న్ కసీర్ చెప్పిన ఆ కుర్రాడు, అన్నాను. అటువైపు చాలాసేపు మాట లేదు. లైన్ కట్ అయిందనుకున్నాం.

"ఆ పిల్లోని తల్లికి ఎవరు చెప్పినారో ఏమో" అన్నారు.

ఈ జనవరిలో అమ్మమ్మ సంవత్సరీకం కూడికకి వాణ్ణి మా ఊరు తీసుకెళ్ళాను. వారం ముందే అమ్మ ఫోన్ చేసి, "ఆ అబ్బాయి మన కోడి తినడేమో కదా, గుంటూరులో హలాల్ కొట్టు నుంచి తెప్పించమంటావా, లేక వాడికి విడిగా గుడ్డు కూర చేయనా?" అని అడిగింది. కోడే తెప్పించమన్నాడు వాడు. ప్రార్థన అప్పుడు వెనక వరసలో మా బావల పక్కన కూర్చున్నాడు. మేమందరం చేతులు జోడించాం. వాడు రెండు అరచేతులూ పైకి తెరిచి పట్టుకున్నాడు.